పైనుంచి తీసిన షాట్

ఆగస్టు 5, 2011, శుక్రవారం

టైటిల్స్ పోయాయి. స్వరూప స్కూటీ వెనక కూర్చుని మాదాపూర్ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ మాల్‌కి చేరేసరికి హీరో చిన్నతనం కూడా సగం అయిపోయింది. మొదటి షాట్ చూడకపోతే నాకు ఒళ్ళు మండుతుంది. ఆఫీసులో సగం మంది సోమవారం పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని నా మెయిల్ తెరుస్తారు, "ఈ వారం ఉదయ్ ఏం తేల్చాడు" అని. మొదటి షాట్ చూడనివాడు ఏం తేలుస్తాడు నా మొహం!

హీరో ఎంట్రీ మాత్రం దొరికింది. కెమెరా నేల మీద, ముందు చెప్పులు, తర్వాత మోకాలు, పైన ఆకాశం. అరిగిపోయిన పద్ధతే. కానీ ఈ కెమెరామన్ ఒక తెలివైన పని చేశాడు. హీరో ముఖం చూపించడానికి ముందు అతన్ని చూస్తున్న ఒక పసిపిల్ల ముఖం చూపించాడు. ఆ పిల్ల కళ్ళతో మనం హీరోని చూస్తాం. అందుకే ఈలలు పడ్డాయి. ఇది రాయాలి.

ఇంటర్వెల్ తర్వాత విలన్ దగ్గర పనిచేసే వాడొకడు. తెలంగాణ యాస, నోట్లో గుట్కా. విలన్ బంగళా మెట్ల మీద నిలబడి వాణ్ణి లాగి కొడతాడు. కెమెరా మెట్ల పైనుంచి కిందికి చూస్తోంది. వాడి ముఖం గుమ్మడికాయంత, ఒళ్ళు చీపురుపుల్లంత. హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను.

పార్కింగ్‌లో స్వరూప అడిగింది. "నువ్వెందుకు నవ్వినవ్?"

"టైమింగ్ బాగుంది కదా. దెబ్బకీ వాడి రియాక్షన్‌కీ మధ్య ఒక్క క్షణం ఆపాడు చూడు..."

"దెబ్బకు నవ్విన్రా, వాడి మాటకు నవ్విన్రా?"

"రెండూనూ. కామెడీ అంటే అంతే స్వరూపా."

"వాడు అచ్చం మా చిన్నాయిన లెక్క మాట్లాడిండు" అని హెల్మెట్ పెట్టుకుంది. కోపం రాలేదనే అనుకుంటున్నాను.

ఆగస్టు 8

మెయిల్ పంపాను. పసిపిల్ల షాట్ గురించి అందరూ మెచ్చుకున్నారు. మెట్ల సీన్ గురించి రాయలేదు. అప్పటికే నిడివి ఎక్కువైంది.

ఆగస్టు 13

కంపెనీ వార్షికోత్సవానికి షార్ట్ ఫిల్మ్ పోటీ. "మన ఊరు, మన ఆఫీసు" అని విషయం. ముఖ్య అతిథి ఒక పెద్ద డైరెక్టరట. గెలిచినవాళ్ళతో కూర్చుని మాట్లాడతాడట. ఈ వార్త విన్నప్పటి నుంచి నాకు కోడ్ కనిపించడం లేదు, ఫ్రేములే కనిపిస్తున్నాయి. ఎన్నేళ్ళు ఇంకొకళ్ళ సినిమాలకి పోస్ట్‌మార్టం చేస్తూ కూర్చోను?

కథ సిద్ధం. పల్లె నుంచి వచ్చి పట్నంలో బతికిన ఒక తండ్రి, కూతురు పనిచేసే అద్దాల ఆఫీసుకి మొదటిసారి వస్తాడు. కూతురి సీటు దగ్గర నిలబడి తన మాటల్లో ఏదో చెప్తాడు. అంతే సినిమా. కెమెరా వినయ్‌ది. కర్నూలువాడు, నా టీమే, కొత్త కెమెరా కొన్న దగ్గర్నుంచి మెళ్ళో వేసుకునే తిరుగుతున్నాడు.

తండ్రి ఎవరు అన్నది సమస్య. క్యాంటీన్‌లో ఈ మాట అంటుంటే స్వరూప టీ కలుపుతూ, "మా నాయినను అడుగుదామా?" అంది.

ఆయన్ని నేను ఇంతవరకు ఒక్కసారే చూశాను. దసరా అయ్యాక రేపల్లె నుంచి మా వాళ్ళు వచ్చి పెళ్ళి మాట కదపాలి. "తెలంగాణ పిల్లా?" అని అమ్మ నాలుగు రోజులు ముక్కు చీది, అయిదో రోజు ఒప్పుకుంది. స్వరూప వాళ్ళ నాన్న మాత్రం అవుననలేదు, కాదనలేదు. "మనిషిని జర జూడనియ్యి బిడ్డా" అన్నాడట. ఆయన ఊ అనకపోతే తను చేసుకోదు. ఆ మాట నాకు మొహం మీదే చెప్పింది.

ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది?

ఆగస్టు 16

బాలానగర్ వెళ్ళాం. స్వరూప వాళ్ళ నాన్న కిష్టయ్యగారు అక్కడ ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేసి మొన్ననే మానేశారు. నేను చెప్పిందంతా విని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని నవ్వారు.

"నాతోని సినిమానా! నాకు డైలాగులు రావు మరి. నా నోటికొచ్చింది నేను చెప్త."

"అదే కావాలండి కిష్టయ్యగారూ."

"గారేంది, గారు? మామా అను."

స్వరూప తల దించుకుని నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. టీ తాగుతుంటే ఆయన ఏ చొక్కా వేసుకోవాలి, గడ్డం గీసుకోవాలా వద్దా అని వరసగా అడిగారు. వాకిట్లోకి వచ్చి, వీధి చివర ఎవరో కనిపిస్తే "సినిమాల యాక్టింగ్ జేస్తున్నర!" అని అరిచి చెప్పారు.

ఆగస్టు 28, ఆదివారం

షూటింగ్ అయింది. నడుం విరిగింది కానీ ఏం వెలుతురు! మా ఫ్లోర్‌లో తూర్పు వైపు అద్దాల్లోంచి పొద్దున్నే వచ్చే ఎండ బల్లల మీద వాలుగా పడుతుంది. కిష్టయ్యగారిని స్వరూప సీటు పక్కన నిలబెట్టి, ఎడమ చెంప మీద ఎండ, కుడి వైపు మెత్తటి నీడ వచ్చేలా ఒక తెల్ల థర్మోకోల్ అట్ట పెట్టాం. వెనక కంప్యూటర్లన్నీ మసకగా. వినయ్ "ఏమప్పా ఇది, సినిమా మాదిరే ఉండాదే!" అన్నాడు.

కట్ లేకుండా ఒకే షాట్ తీశాను. ఆయన చాలాసేపు మాట్లాడారు. నా ప్రాణమంతా ఫోకస్ మీదే. మాట్లాడుతూ ముందుకి వంగితే ముఖం మసకేస్తుంది, వెనక్కి వెళ్తే నీడ మారిపోతుంది. మధ్యలో ఒక మబ్బు వచ్చి పోయింది. అది కూడా కలిసొచ్చింది, ఆయన గొంతు తగ్గినప్పుడే వెలుతురూ తగ్గింది. అదృష్టం అంటే ఇది.

షాట్ అయ్యాక చూస్తే స్వరూప ట్రైపాడ్ వెనక కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైంది అన్నాను. "ఏం లేదు. మంచిగొచ్చిందా?" అంది.

"ఒక చోట ఫోకస్ జారింది. మిగతాదంతా సూపర్" అన్నాను.

సెప్టెంబరు 4

కూర్పు మొదలుపెట్టాను. వినయ్ తీసినవన్నీ వరసగా చూస్తుంటే ఒక వింత దొరికింది.

షూటింగ్ రోజు టిఫిన్ విరామంలో వీడు పై అంతస్తు వసారాలో కెమెరా ఆఫ్ చేయకుండా పెట్టాడు. కింద రిసెప్షన్. నడుం ఎత్తున ఉండే ఇనప గేటు, పక్కన కార్డు చూపిస్తే ఎర్ర దీపం పచ్చగా మారే డబ్బా. కిష్టయ్యగారు బయటికెళ్ళి టీ తాగి వచ్చినట్టున్నారు. విజిటర్ కార్డు జేబులోనే ఉంది, దాన్ని ఆ డబ్బాకి చూపించాలని తెలీదు. అటు తోశారు, ఇటు తోశారు. ఎర్ర దీపం వెలిగి కూతపెట్టింది. లోపల ఎవరో మనిషి కూర్చుని వింటున్నాడనుకున్నారు. వంగి, చేతులు జోడించి ఆ డబ్బాతో, "సారూ, మా బిడ్డ లోపలున్నది. జర తియ్యుండ్రి సారూ" అన్నారు.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఒక్కణ్ణే గదిలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.

పైనుంచి తీయడం వల్లే అంత నవ్వు. మనిషి పొట్టిగా, గేటు అడ్డంగా పెద్దగా కనిపిస్తుంది. వినయ్ వాడిన లెన్స్ వెడల్పుది కాబట్టి అంత ఖాళీ హాల్లో ఆయన ఒక్కరే ఒక మూలకి ఇరుక్కున్నట్టు ఉంటుంది. అదే ఆయన కళ్ళ ఎత్తులో కెమెరా పెట్టి తీసుంటే జాలేసేది. ఇది పుస్తకాల్లో చదివినదే, ఇంత శుభ్రంగా దొరకడం మొదటిసారి.

సెప్టెంబరు 10

టీమ్‌లో నలుగురికి చూపించాను. కిష్టయ్యగారి మాటలు మొదలైన కాసేపటికి ఒకడు ఫోన్ తీశాడు. ఇంకొకడు ఆవలించాడు.

"లాగుతుండాది రా" అన్నాడు వినయ్. "స్పీచ్ మాదిరి. గేటు కాడ ఉండాదే, ఆ బిట్టు పెట్టు. జనాలు పడి పడి నవ్వుతారు."

"అది ఆయనకి తెలీకుండా తీసింది."

"తెలిసి చేస్తే అంత సహజంగా వస్తాదా?"

నిజమే. నటన తెలియని నటన, దానికి విలువ ఎక్కువ. పైగా కామెడీ ఉంటే తండ్రి మీద ప్రేమ పుడుతుంది. నవ్వుకున్న మనిషినే జనం గుండెలో పెట్టుకుంటారు. ఇది నేను కల్పించుకున్నది కాదు, ఎన్ని సినిమాల్లో చూశాం!

ఇచ్చిన టైము అయిదు నిమిషాలే. ఏదో ఒకటి పోవాలి.

సెప్టెంబరు 12

మాటలు తీసేశాను. గేటు ముక్క మూడుసార్లు వస్తుంది. మొదటిసారి మామూలుగా. రెండోసారి కూత శబ్దం పెంచి. మూడోసారి "సారూ" దగ్గర ఆపి, మళ్ళీ "సారూ", మళ్ళీ "సారూ". చివర్లో కూతురిగా స్వరూప వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. నీట్‌గా ఉంది.

సెప్టెంబరు 14

నిన్నటి నుంచి సకల జనుల సమ్మె. గచ్చిబౌలి చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. మా క్యాబ్‌ని ఆపి, లోపలికి తొంగి చూసి, "జై తెలంగాణ అనుండ్రి సార్, పోండ్రి" అన్నారు. క్యాబ్‌లో అందరూ అన్నారు. నేనూ అన్నాను, వినిపించీ వినిపించనట్టు. భయపడ్డానని కాదు, అలవాటు లేదు.

స్వరూప లంచ్‌లో అడిగింది. "సినిమా ఎంతదాక వచ్చింది? జర సూపియ్యి."

"రంగులు సరిచేస్తున్నాను. అన్నీ అయ్యాక ఒకేసారి హాల్లో చూడు. సస్పెన్స్."

"మా నాయిన రోజూ అడుగుతున్నడు. మాట్లాడినది మంచిగొచ్చిందా అని."

"బాగా వచ్చింది" అన్నాను. అది అబద్ధం కాదు. బాగానే వచ్చింది.

సెప్టెంబరు 23

బస్సులు లేవు, కరెంటు ఉన్నప్పుడే ఉన్నట్టు. అయినా సినిమా మానలేదు. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ దగ్గర హాలుకి నడిచి వెళ్ళాను. సగం ఖాళీ.

సినిమా సాదాసీదాదే గానీ ఒక షాట్ ఉంది. అప్పు అడగడానికి వెళ్ళిన ముసలాయనని షావుకారు పదిమందిలో తిడతాడు. ఆ డైరెక్టర్ కెమెరాని ముసలాయన వీపు వెనక పెట్టాడు. ముఖం చూపించనే లేదు. మెడ కొద్దిగా వంగడం, అంతే. ఒక మనిషి తల దించుకుంటున్నప్పుడు ముఖంలోకి తొంగి చూడకపోవడం మర్యాద, అది తెలిసిన డైరెక్టర్ అన్నమాట.

చాలా మంచి పాయింట్. సోమవారం మెయిల్‌లో ఇదే రాయాలి.

సెప్టెంబరు 27

నిన్న అదే రాశాను. స్వరూప జవాబు పంపింది, "చాలా మంచిగ రాసినవ్" అని. చదివి మెయిల్ మూసేశాను.

సెప్టెంబరు 30, శుక్రవారం

గెలిచాం.

ముందు నుంచీ రాస్తాను. స్వరూప తన స్కూటీ మీద వాళ్ళ నాన్నని బాలానగర్ నుంచి తీసుకొచ్చింది. తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, మెళ్ళో గులాబీ కండువా. రిసెప్షన్‌లో అందరూ కండువా వైపు చూశారు. నేనూ చూశాను. నటీనటులకి ముందు వరస. ఆయన నన్ను చూసి, "ఏం అల్లుడా, భయమైతుందా?" అని గట్టిగా నవ్వారు. అల్లుడా అన్నారు. స్వరూప నా వైపు చూసింది. ఆ చూపు చాలు నాకు ఏడాది బతకడానికి. అప్పటికి ఇంకా సినిమా మొదలవలేదు.

నేను చీకట్లో పక్క గోడకి ఆనుకుని నిలబడ్డాను. తెర వైపు చూడలేదు. జనం ముఖాలు చూడటం నా అలవాటు.

మొదటిసారి గేటు ముక్క. హాలు నవ్వింది. కిష్టయ్యగారూ నవ్వారు, తనని తెర మీద చూసుకున్నందుకు. పక్కన కూతురి చెయ్యి తట్టి చూపించారు కూడా.

రెండోసారి. ఈలలు. ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కానీ వెనక్కి తిరిగి చూశారు, ఎవరు నవ్వుతున్నారా అని.

మూడోసారి "సారూ" అన్నప్పుడు వెనక వరసల్లో కుర్రాళ్ళు కూడా "సారూ" అని వంత పాడారు. హాలంతా "సారూ, సారూ". ఆయన మెళ్ళోంచి కండువా తీసి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకున్నారు.

స్వరూప ముఖం నేను చూడలేదు. చూడాలనుకోలేదు.

స్టేజీ మీద ముఖ్య అతిథిగా వచ్చిన డైరెక్టర్ నా భుజం మీద చెయ్యేసి మైకులో అన్నాడు, "ఆ గేటు సీన్‌లో కెమెరా పైన పెట్టాలన్న ఆలోచన ఎవరిదయ్యా?"

వినయ్ నా వైపు చూశాడు. కింద ముందు వరసలో కిష్టయ్యగారు చప్పట్లు కొడుతున్నారు. కొడుతున్నారు, ఆపడం లేదు. అందరూ ఆపేశాక కూడా.

"నాదే సార్. ముందే అనుకుని తీశాం" అన్నాను.

ముందే అనుకుని. ఆ మాట ఎలా వచ్చింది నా నోట్లోంచి?

బయట పార్కింగ్ దగ్గర దొరికారు ఇద్దరూ. నేను ఎటూ తప్పుకోలేకపోయాను.

"మంచిగ తీసినవ్" అన్నారు కిష్టయ్యగారు. చేతిలో కండువా మడత సర్దుకుంటూ, "నేను మాట్లాడింది రాలే?"

"టైము తక్కువని ఇక్కడికి తగ్గించాం మామా. పూర్తి సినిమా వేరే ఉంది. సీడీ చేసి ఇస్తాను."

"గట్లనా!" అని ఆయన ముఖం వికసించింది. "అదే అనుకున్న. అంతసేపు మాట్లాడితి గద."

స్వరూప స్కూటీ స్టార్ట్ చేసింది.

అక్టోబరు 1

పూర్తి సినిమా ఎక్కడుంది?

డిస్క్ నిండిపోయిందని ఆ మాటలన్నీ నేనే చెరిపేశాను. కెమెరా కార్డులు వినయ్ ఖాళీ చేసి, వాళ్ళక్క కొడుక్కి పేరు పెట్టిన ఫంక్షన్ వాటి మీద తీశాడు. గేటు ముక్క తీసేస్తే ఆ సినిమాలో కిష్టయ్యగారు లేరు. చివర్లో చెయ్యి పట్టుకుని నడుస్తారు చూడు, అది కూడా వీపే.

సిగ్గుగా ఉంది. ఇంకో మాటేదైనా వెతుకుదామని చూశాను, దొరకలేదు. సిగ్గుగానే ఉంది.

అక్టోబరు 3

అభినందనల మెయిళ్ళు. ఒకడు నా సీటు పక్కనుంచి వెళ్తూ వంగి, చేతులు జోడించి "సారూ, జర తియ్యుండ్రి" అన్నాడు. స్వరూప సీటు వినపడేంత దూరంలోనే ఉంది. తల ఎత్తలేదు, టైప్ చేస్తూనే ఉంది.

నేను నవ్వాను. అవును, మళ్ళీ నవ్వాను. ఛీ.

ఈ సోమవారం సినిమా మెయిల్ రాయలేదు.

అక్టోబరు 8

పండగ అయిపోయింది. అమ్మ ఫోన్ చేసి "ఎప్పుడు రమ్మంటావురా?" అంది. సమ్మె అయ్యాక చూద్దామన్నాను. సమ్మె భలే అక్కరకొచ్చింది నాకు.

సాయంత్రం స్వరూపే నా దగ్గరికొచ్చింది. ఇన్నాళ్ళకి.

"మా నాయిన సీడీ అడుగుతున్నడు. బాలానగర్ దీక్ష టెంట్‌ల రోజూ కూసుంటున్నడు గద, అందరికి చెప్పిండట, సినిమాల నేను మాట్లాడిన అని. టీవీ దెచ్చి ఆడ పెడ్తరట." నా సిస్టమ్ వైపు చూసింది. "గేటు కాడిది తీసేసి ఇమ్మన్నడు. ఆడ కూడ నవ్వితే మంచిగుండది అన్నడు."

"నువ్వు కోపంగా ఉన్నావా?"

"కోపం గురించి తర్వాత మాట్లాడదాం. ముందు సీడీ ఇయ్యి."

సిస్టమ్ సతాయిస్తోందన్నాను.

అక్టోబరు 9

హార్డ్ డిస్క్ పాడైందని చెప్పొచ్చు. పాడవుతూనే ఉంటాయి. వైరస్ అన్నా నమ్ముతారు.

అక్టోబరు 12

చెరిపేసినవాటిని తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి దించాను. కరెంటు పోతూ వస్తూ, నా డిస్కూ వినయ్ కార్డులూ మూడు రోజులు తవ్వాను. వచ్చినవి వినయ్ మేనల్లుడి ఉయ్యాల ఫోటోలు, కొన్ని బూడిదరంగు ఫైళ్ళు. తెరుచుకోవు.

నా సినిమాని నేనే పెట్టుకుని చూశాను, ఇంకొకడి సినిమా చూసినట్టు. రెండోసారి కూత శబ్దం పెంచడం ఎందుకంటే, ప్రేక్షకుడు జాలి పడబోతున్నాడని డైరెక్టర్‌కి తెలుసు, ఆ జాలి పుట్టకముందే నొక్కేయాలి. మూడోసారి "సారూ" మళ్ళీ మళ్ళీ ఎందుకంటే, అప్పటికి అది మనిషి మాట కాదు, ఒక చప్పుడు. అంతా తెలిసే చేశాడు ఆ డైరెక్టర్. ఏదీ చేతకాక చేసింది కాదు. ఆయన కింద నిలబడి ఉన్నారని కెమెరా చెప్తోంది, నేను పైనున్నానని చెప్తోంది. మెట్ల మీద ఆ విలన్ గాడు నాకంటే నయం, వాడు ఒక్కసారే కొట్టాడు.

వైరస్ అని చెప్పను. చెప్పే ముఖం లేదు.

అక్టోబరు 16, ఆదివారం

పొద్దున్నే బైక్ మీద బాలానగర్ వెళ్ళాను. ఇంట్లో లేరు, టెంట్‌లో ఉన్నారన్నారు. రోడ్డు పక్క షామియానా, మైకులో పాటలు. వరసగా కూర్చున్న పదిమందిలో కిష్టయ్యగారు, మెళ్ళో బంతిపూల దండ. ఈ రోజు దీక్ష వంతు ఆయనది. మూల ఎర్ర గుడ్డ కప్పిన టీవీ. స్వరూప పక్కనే మంచినీళ్ళ గ్లాసులు అందిస్తోంది.

"అగో, డైరెక్టర్ సారు వచ్చిండు!" అన్నారు ఎవరో. "కిష్టన్నా, నీ సినిమా వచ్చింది!" ఒకాయన లేచి టీవీ మీద గుడ్డ తీశాడు కూడా.

నా చేతులు ఖాళీగా ఉన్నాయి. "మామా, ఒక్కసారి ఇటు రండి" అన్నాను. టెంట్ వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వచ్చారు. స్వరూప కూడా వచ్చింది.

"ఆ మాటలు లేవు మామా."

"ఏం మాటలు?"

"మీరు ఆ రోజు మాట్లాడినవి. పూర్తి సినిమా అని ఏదీ లేదు. మీకు అబద్ధం చెప్పాను. నేనే చెరిపేశాను."

"ఎందుకు?"

టైము తక్కువని అనబోయాను. మానేశాను. "లాగుతున్నాయనిపించింది. జనం నవ్వరు అనిపించింది."

ఆయన దండ సర్దుకున్నారు. బండ్లు పోతున్నాయి. "అయితే గేటు కాడిదే ఉన్నదా?"

"అదొక్కటే ఉంది."

"గంతేనా నేను? అందుల?"

స్వరూప నా వైపు చూడటం లేదు, వాళ్ళ నాన్న వైపే చూస్తోంది. గేటు దగ్గర వినయ్ కెమెరా ఆన్‌లో ఉందని మీకు తెలీదు, అది కూడా నా తప్పే, స్టేజీ మీద ముందే అనుకుని తీశామన్నది కూడా అబద్ధం, అన్నీ చెప్పాను. ఆయన విన్నారో లేదో.

"సరే, పోనీ తియ్యి" అన్నారు చివరికి. "సీడీ లేకుంటే లేకపాయె. వీళ్ళకు నోటితోనే చెప్త. నేనేం మాట్లాడిన్నో జర చెప్పు. నాకు సక్కగ యాదికి లేదు, ఏదో నోటికొచ్చింది అనుకుంట పోయిన. ఎదురుంగ నువ్వే ఉంటివి గద."

నేనే ఉన్నాను. చేతికందే దూరంలో ఉన్నాను.

కళ్ళు మూసుకుని తవ్వుకున్నాను. ఎడమ చెంప మీద ఎండ గుర్తుంది. చొక్కా కాలర్ మీద అరిగిన చోటు గుర్తుంది. మబ్బు వచ్చినప్పుడు గొంతు తగ్గింది, అది గుర్తుంది. ఏమని తగ్గింది? పెదవులు కదలడం కనిపిస్తోంది, ఒక్క మాట వినిపించడం లేదు. ఒక్కటంటే ఒక్కటి.

"నాకు... గుర్తు లేదు మామా" అన్నాను.

ఆయన నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూశారు. కోపంగా కాదు. కోపమైతే బాగుండేది.

"నాకు యాదికున్నది నాయినా" అంది స్వరూప. "మొత్తం యాదికున్నది. రా, కూసో, చెప్త." ఆయన చెయ్యి పట్టుకుంది.

నేనూ వాళ్ళ వెనక రెండడుగులు వేశాను. స్వరూప ఆగి, వెనక్కి తిరిగింది.

"నీకు కాదు" అంది.

ఇద్దరూ టెంట్‌లోకి వెళ్ళారు. ఎవరో మైకు పాట ఆపేశారు. అందరూ ఆమె చుట్టూ ముందుకి జరిగి కూర్చున్నారు, ఆమె చెప్తోంది, కిష్టయ్యగారు తల ఊపుతూ వింటున్నారు. నేను నిలబడ్డ చోటికి ఏమీ వినిపించలేదు.